బ్యాటరీని ఉప్పు నీళ్ల బకెట్‌లో వేయకండి: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: సార్, మా అక్క పాత ల్యాప్‌టాప్ బ్యాటరీ చెడిపోయిందని విప్పి చూస్తే లోపల ఆరు గుండ్రటి సెల్లు ఉన్నాయి. పారేసే ముందు వాటిలో ఛార్జింగ్ ఖాళీ చేయాలని, ఉప్పు కలిపిన నీళ్లలో వేస్తే చాలని ఒక వీడియోలో చూసి రెండు సెల్లు బకెట్‌లో వేశాను. బుడగలు బాగా వచ్చాయి. సాయంత్రానికి నీళ్లు తుప్పు రంగుకు తిరిగాయి, ఘాటు వాసన వచ్చింది, బుడగలు ఆగిపోయాయి. ఖాళీ అయినట్టేనా? మిగతా నాలుగు కూడా వేయనా?
డిగ్రీ విద్యార్థి, హాలియా

జవాబు: వేయొద్దు తమ్ముడూ. బుడగలు ఆగాయంటే సెల్లు ఖాళీ అయ్యాయని కాదు, ఇదే సలహా విని ఇంకెంతమంది బకెట్లు నింపుతున్నారో అని భయంగా ఉంది, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ల్యాప్‌టాప్‌లో ఉండేవి లిథియం సెల్లు, నిండా ఛార్జింగ్ ఉన్న సెల్లులో 4.2 వోల్టులు ఉంటాయి. ఉప్పు నీళ్లలో పడగానే ఆ కరెంటు నీళ్లను విడగొడుతుంది, మైనస్ వైపు హైడ్రోజన్, ప్లస్ వైపు క్లోరిన్ పుట్టొచ్చు. బ్లీచింగ్ పౌడర్ లాంటి ఘాటు వాసన వస్తే అది క్లోరినే. ఇది ఒకవైపు జరుగుతుంటే ఇంకోవైపు ప్లస్ మూత దగ్గర ఉన్న ఇనుము కరిగిపోతుంది, నీళ్లు తుప్పు రంగుకు తిరిగింది అందుకే. మూత తినేశాక కరెంటుకు దారి తెగిపోతుంది, బుడగలు ఆగిపోతాయి, కానీ లోపల ఛార్జింగ్ ఇంకా ఉండొచ్చు. పైకి చూస్తే చచ్చిన సెల్లు, కొలుద్దామంటే మీటరు పుల్ల పెట్టడానికి చోటు ఉండదు. దీనికన్నా పెద్ద ప్రమాదం మూత దగ్గరి సీలు పోవడం. సెల్లు లోపల ఉండే ద్రవంలో ఫ్లోరిన్ ఉన్న లిథియం ఉప్పు ఒకటి కలిసి ఉంటుంది, దానికి నీళ్లు తగిలితే హైడ్రోజన్ ఫ్లోరైడ్ పుడుతుంది, అది చర్మానికీ ఊపిరితిత్తులకూ చెడ్డది. ఫ్లోరైడ్ ఎంత చేస్తుందో మర్రిగూడ, మునుగోడు వైపు మనుషుల ఎముకల్ని చూసినవాళ్లం మనం. అక్కడ అది భూమిలోంచి వచ్చింది, ఇక్కడ మన చేతులతో మనమే బకెట్‌లో కలుపుకోవడం ఎందుకు? కొన్ని రీసైక్లింగ్ ఫ్యాక్టరీల్లో ఇలాంటి ద్రావణాల్లో ముంచే పద్ధతి ఉన్న మాట నిజమే, కానీ వాళ్లకు గాలి లాగేసే ఏర్పాట్లుంటాయి, ఆ నీళ్లను శుద్ధి చేసే ఏర్పాట్లుంటాయి. మన వాకిట్లో ఆ రెండూ ఉండవు.

ఇప్పుడు ఆ బకెట్‌ను ఏం చేయాలంటే, ఇంట్లో ఉంటే ముందు ఆరుబయటికి తెచ్చి, రబ్బరు గ్లవుజులు వేసుకుని, కట్టె పుల్లలతోనో ప్లాస్టిక్ పట్టకారుతోనో రెండు సెల్లూ తీసి పొడి ఇసుక మీద పెట్టండి. ముఖం దాని మీదికి వంచకండి. ఆ సెల్లు ఇక దేనికీ పనికిరావు, ఆరాయి కదా అని ఛార్జర్‌కు పెట్టొద్దు. నీళ్లను మోరీలో పోయొద్దు, బోరు పక్కన పోయొద్దు, గొడ్లు తాగే తొట్టి దగ్గర అసలు పోయొద్దు. పిల్లలకూ పశువులకూ అందని చోట ఎండకు వదిలేస్తే ఆవిరైపోతాయి, అడుగున మిగిలిన మడ్డిని సెల్లుతో పాటే అప్పజెప్పండి, ఎక్కడ అన్నది కింద దేవరకొండ అన్నకు ఇచ్చిన జవాబులో ఉంది.

మిగతా నాలుగింటి సంగతి. ఛార్జింగ్ దించడానికి పెద్ద సామాను అక్కర్లేదు, రేడియో విడిభాగాలు అమ్మే ఏ దుకాణంలోనైనా దొరికే 10 ఓమ్‌ల 5 వాట్ల సిమెంట్ రెసిస్టర్లు, సెల్లు పెట్టుకునే ప్లాస్టిక్ హోల్డర్లు, ఒక మామూలు డిజిటల్ మీటరు ఉంటే చాలు. ఒక్కో సెల్లుకు ఒక్కో రెసిస్టర్, నాలుగింటినీ కలిపి కట్టొద్దు. 4.2 వోల్టులను 10 ఓమ్‌లతో భాగిస్తే 0.42 ఆంప్, అంటే సుమారు పావు తక్కువ రెండు వాట్ల వేడి. సెల్లుకు ఇది చాలా మెల్లటి పని, రెసిస్టర్ మాత్రం వేలు కాలేంత వేడెక్కుతుంది, కాబట్టి తాండూరు బండ మీదనో సిమెంటు గచ్చు మీదనో పెట్టండి, చాప మీద కాదు, పరుపు మీద కాదు. 2200 మిల్లీ ఆంప్ అవర్ల సెల్లు దిగడానికి ఆరు గంటలు పట్టొచ్చు, పాతబడిన సెల్లు కాబట్టి ఇంకా ముందే దిగుతుంది. గంటకోసారి మీటరు పెట్టి చూసి 3 వోల్టులకు రాగానే తీసేయండి. తీసిన కాసేపటికి మళ్లీ 3.2, 3.3 చూపిస్తుంది, కంగారుపడొద్దు, బరువు దించాక సెల్లు కొంచెం తేరుకుంటుంది, అంతే. పారేసే సెల్లే కనుక ఇంకోసారి పెట్టి 2.5 దాకా దించినా నష్టం లేదు.

సెల్లు ఖాళీ అవుతున్నంతసేపు మీరు అక్కడే ఉండాలి. అరచేతికి గోరువెచ్చగా తగలడం వరకు పరవాలేదు. పట్టుకోలేనంత వేడెక్కినా, బుస్సుమన్నా, తియ్యటి రసాయనం వాసన వచ్చినా హోల్డర్ తీగ పీకేసి దూరంగా జరగండి.

మీటరు విషయంలో చాలామంది చేసే తప్పు ఒకటుంది. ఎర్ర వైరు 10 ఆంప్ రంధ్రంలో ఉండగా వోల్టులు కొలవబోతే సెల్లు నేరుగా షార్ట్ అవుతుంది. వైరు వోల్టుల రంధ్రంలో ఉందా, ముల్లు డీసీ 20 మీద ఉందా అని ప్రతిసారీ చూసుకోండి. 18650 అనే ఈ సైజు సెల్లు (18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు, పేరు అలాగే వచ్చింది) షార్ట్ అయితే పదుల ఆంప్‌ల కరెంటు ఒక్కసారిగా దూకుతుంది. ఒకసారి నా బెంచి మీద స్క్రూడ్రైవర్ జారి ప్యాకు రెండు కొనల మీద అడ్డంగా పడింది, తీసేలోపు దాని మొన కరిగి ముద్దయింది, ఆ మెరుపుకు చాలాసేపు కళ్లు కనపడలేదు. వైరు ముక్కతో రెండు వైపులా కలిపితే తొందరగా ఖాళీ అవుతుందని ఎవరైనా చెబితే ఆ మాట వినొద్దు.

ఈ ఉత్తరం చదివి తమ ల్యాప్‌టాప్ ప్యాకు విప్పుదామనుకునేవాళ్లకు కూడా చెబుతున్నాను, విప్పకండి. ఆ ప్లాస్టిక్ డబ్బా పగలగొట్టేటప్పుడే సెల్లుకు స్క్రూడ్రైవర్ దిగేది. బ్యాటరీ ఏ కాస్తయినా పనిచేస్తుంటే ల్యాప్‌టాప్‌లోనే ఉంచి, ఛార్జర్ తీసి, ఒక సినిమా పెట్టి వదిలేయండి. దానంతటదే ఆగిపోయినప్పుడు ప్యాకులో మిగిలేది కొంచెమే. ఫోను, పవర్‌బ్యాంకు, టార్చి, అన్నిటికీ ఇదే పద్ధతి, వాటి బ్యాటరీని ఖాళీ చేయడానికి ఆ వస్తువును మించిన సాధనం లేదు.

ప్రశ్న: పత్తికి మందు కొట్టే బ్యాటరీ పంపు కొన్నాను, లిథియం బ్యాటరీది. మళ్లీ వానాకాలం దాకా దాంతో పని లేదు. ఛార్జింగ్ పూర్తిగా దించి పెట్టమని ఒకరు, ఫుల్ చేసి పెట్టమని ఇంకొకరు అంటున్నారు. ఏది నిజం?
రైతు, కల్వకుర్తి

జవాబు: రెండూ కాదు, సగం ఉంచి పెట్టాలి. ఫుల్ చేసి పెట్టమన్నాయన పాత పంపుల అలవాటుతో చెప్పి ఉంటాడు, ఆయన తప్పు లేదు. మొన్నటిదాకా వచ్చినవి ఎక్కువగా సీసం బ్యాటరీలు, వాటిని ఫుల్‌గానే ఉంచాలి, ఖాళీగా పెడితే చచ్చిపోతాయి. మీది ఏదో అనుమానముంటే చేత్తో ఎత్తి చూడండి. 12 వోల్టుల 8 ఆంప్ అవర్ల సీసం బ్యాటరీ రెండుంపావు, రెండున్నర కిలోల బరువు ఉంటుంది, అంతే సామర్థ్యం ఉన్న లిథియంది కిలో కూడా ఉండదు.

లిథియం బ్యాటరీని ఫుల్ చేసి మన ఎండాకాలం అంతా ఉంచితే లోపల తొందరగా పాడవుతుంది, పూర్తిగా దించి పెడితే నెలల తరబడి అదింకా కిందికి జారిపోయి మళ్లీ లేవకపోవచ్చు. సగానికి దించడానికి మీటరు కూడా అక్కర్లేదు. ఫుల్ ఛార్జింగ్‌తో ఎన్ని ట్యాంకులు వస్తాయో కొట్టేవాళ్లకు తెలిసే ఉంటుంది, 20 ట్యాంకులు వచ్చే పంపయితే 10 ట్యాంకులంత సేపు నడపండి. మందు ట్యాంకును రెండు మూడుసార్లు శుభ్రంగా కడిగి, మంచినీళ్లు పోసి, గన్ను తిప్పి మళ్లీ ట్యాంకులోకే కొట్టేలా పెడితే నీళ్లు అక్కడే తిరుగుతుంటాయి, వృథా పోవు. నీళ్లు లేకుండా మాత్రం నడపొద్దు, మోటారు పోతుంది. పంపు మీద వోల్టుల డిస్‌ప్లే ఉండి, లోపల మూడు సెల్లు వరుసగా కట్టిన రకమైతే ఫుల్‌కు 12.6, సగానికి 11.1 నుంచి 11.4 మధ్య చూపిస్తుంది.

బ్యాటరీ బయటికి వచ్చే రకమైతే తీసి ఇంట్లో చల్లటి మూల పెట్టండి. రేకుల షెడ్డులో వద్దు, మే నెలలో ఆ రేకుల కింద ఎంత వేడి ఉంటుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. పత్తి పోసిన గదిలో అసలు వద్దు. అమ్మకానికి రేటు కోసం ఆగి గదినిండా పత్తి పోసుకున్న ఇళ్లు ఎన్నో చూశాను, ఆ గదిలోనే ప్లగ్గు ఉందని ఛార్జింగ్ కూడా అక్కడే పెడతారు, దయచేసి ఈ ఏడాది నుంచైనా మానండి. రెండు మూడు నెలలకోసారి చూసి, తగ్గితే మళ్లీ సగానికి ఎక్కించండి. ఎండ మండిపోయే మధ్యాహ్నం కాకుండా పొద్దున ఎక్కించండి, ఎందుకంటే లిథియం సెల్లుకు ఛార్జింగ్ పెట్టడానికి సాధారణంగా 45 డిగ్రీలే హద్దు.

ప్రశ్న: ఫోను 0 శాతానికి వస్తే ఆగిపోతుంది కదా, అంటే బ్యాటరీ ఖాళీ అయినట్టే కదా? మరి 3 వోల్టుల దగ్గర ఆపాలని ఎందుకంటారు, సున్నాకు తెస్తే ఏమవుతుంది?
ఐటీఐ విద్యార్థి, జడ్చర్ల

జవాబు: ఫోను చూపించే 0 నిజమైన సున్నా కాదు. బ్యాటరీని కాపాడటానికి ఫోను ముందే ఆగిపోతుంది, అప్పటికి సెల్లులో ఇంకా 3 వోల్టులో అంతకన్నా ఎక్కువో ఉంటాయి. వోల్టులు ఉన్నా వాడుకోదగ్గ శక్తి మాత్రం చాలా వరకు అయిపోయినట్టే.

సెల్లు లోపల మైనస్ వైపు పలచటి రాగి రేకు ఉంటుంది. సుమారు 2 వోల్టుల కిందికి దిగి అలాగే పడి ఉంటే ఆ రాగి మెల్లగా ద్రవంలో కరుగుతుంది. ఖాళీగా ఉన్నంతకాలం దానివల్ల పెద్ద ముప్పు లేదు. మళ్లీ ఛార్జింగ్ ఎక్కించినప్పుడే కరిగిన రాగి వేరేచోట పేరుకుని లోపలి పొరల మధ్య వంతెన కట్టొచ్చు, అప్పుడు సెల్లు తనలో తానే షార్ట్ అవుతుంది. రెండేళ్లు బీరువాలో పడి ఉన్న ఫోను బ్యాటరీని బూస్ట్ చేసి లేపుతామని కొందరు అంటారు, నేనైతే చేయించుకోను. తిరిగి వాడాలనుకున్న సెల్లును 3 వోల్టుల కిందికి దించకూడదు, కిందికి దిగి నెలలు గడిచిన సెల్లును తిరిగి వాడకూడదు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకానికి ఆ హద్దు 2.5 వోల్టులు.

మరి పారేసే ముందు దించడం ఎందుకంటే, ఏ కారణంతో సెల్లు దెబ్బతిన్నా లోపల ఛార్జింగ్ ఎంత తక్కువ ఉంటే మంట అంత తక్కువగా ఉంటుంది. విమానాల్లో విడిగా పంపే లిథియం అయాన్ బ్యాటరీల్లో ఛార్జింగ్ 30 శాతం మించకూడదని 2016 ఏప్రిల్ నుంచి నియమం ఉన్నది కూడా ఇందుకే.

మీరు జడ్చర్ల అన్నారు కాబట్టి ఇంకో మాట. మీకు దగ్గర్లోనే దివిటిపల్లిలో అమరరాజా లిథియం సెల్లుల ఫ్యాక్టరీకి 2023 మేలో శంకుస్థాపన జరిగింది, 16 గిగావాట్ అవర్ల సామర్థ్యంతో తలపెట్టారు. ఇలాంటి ప్రశ్నలు ఇప్పటినుంచే అడుగుతున్నారంటే నాకు చాలా సంతోషంగా ఉంది, ఆపకండి.

ప్రశ్న: మా బాబు ఆన్‌లైన్ క్లాసులప్పటి ఫోను వెనక మూత పైకి లేచింది, బ్యాటరీ దిండులా ఉబ్బింది. సూదితో పొడిస్తే గాలి పోయి మామూలవుతుందని పక్కింటివాళ్లు అంటున్నారు. టార్చి వేసి ఛార్జింగ్ అయినా ఖాళీ చేయనా? మంట వస్తే నీళ్లు పోయొచ్చా?
గృహిణి, నారాయణపేట

జవాబు: అమ్మా, సూది మాట మరిచిపోండి. లోపల ఉన్నది మామూలు గాలి కాదు, మండే వాయువు, పైగా సూది దిగితే పొరలు రెండూ తాకి అక్కడికక్కడే నిప్పు పుడుతుంది. ఉబ్బిన బ్యాటరీని ఛార్జింగ్ పెట్టొద్దు, ఖాళీ చేయాలని కూడా చూడొద్దు. మామూలుగా ఉన్న బ్యాటరీకే పైన చెప్పిన పద్ధతులు. ఉబ్బిందంటే లోపల ఏ పొర ఎక్కడ తెగిందో బయటికి తెలియదు, అలాంటిదాన్ని వాడి ఇంకా వేడెక్కించడం నాకు ఇష్టం లేదు. ఫోను ఆఫ్ చేసి, లేచిన మూతను లోపలికి నొక్కకుండా, పాత గంజులోనో మట్టికుండలోనో పొడి ఇసుక పోసి అందులో పెట్టండి. మూత బిగించొద్దు, గాలి పోయే సందు ఉండాలి. ఇంటి బయట, ఎండ పడని చోట, బాబుకు అందకుండా ఉంచి, ఒకటి రెండు రోజుల్లో ఆ ఫోను కంపెనీ సర్వీసు సెంటర్‌కు చేర్చండి. బస్సులో పోతే హ్యాండ్‌బ్యాగులో కుక్కి, మీద సామాను పెట్టొద్దు.

నీళ్ల సంగతి మంచి ప్రశ్న అడిగారు, పైన నీళ్లు వద్దని రాసి ఇక్కడ పోయమంటే తికమకగా ఉంటుంది. అక్కడ వద్దన్నది ఉప్పు నీళ్లలో నానబెట్టి ఖాళీ చేయడం. మంట వచ్చినప్పుడు నీళ్ల పని వేడి తగ్గించడం, ఫోనులాంటి చిన్నదానికి మామూలు నీళ్లు ధారాళంగా పోయొచ్చు, కొంచెం చల్లి ఊరుకుంటే మళ్లీ అంటుకుంటుంది. ఛార్జర్‌కు తగిలించి ఉంటే ముందు స్విచ్ ఆపాలి. అన్నిటికన్నా ముందు పిల్లల్ని బయటికి పంపండి, ఆ పొగ పీల్చకూడదు. మంట పరుపుకో కర్టెన్‌కో అంటుకుంటే మీరూ బయటికి వచ్చేసి 101కు ఫోను చేయండి.

ప్రశ్న: నాది మొబైల్ రిపేరు దుకాణం. మార్చిన పాత బ్యాటరీలు ఒక అట్టపెట్టెలో నిండిపోయాయి. పాత సామాన్లవాళ్లు కిలోల లెక్కన అడుగుతున్నారు, ఇచ్చేయనా?
దేవరకొండ

జవాబు: ఆ అట్టపెట్టెను ఈ రోజే మార్చండి అన్నా. ఒకదాని కొనలు ఇంకోదానికి తాకుతూ, మధ్యలో స్క్రూలు పడుతూ, రాత్రి షట్టర్ దించాక లోపల ఎవరూ లేకుండా, ఇదే నాకు అన్నిటికన్నా టెన్షన్ పెట్టే విషయం. ప్రతి బ్యాటరీ కొనలకు ఇన్సులేషన్ టేపు చుట్టండి, ఉబ్బినవి వేరే తీసి ఇసుకలో పెట్టండి, మిగతావి ఇనుప డబ్బాలో పొరకూ పొరకూ మధ్య ఇసుక పోసి ఉంచండి. వాటన్నిటినీ కూర్చుని ఖాళీ చేయాల్సిన పని లేదు. ఇకముందు మార్చేవైతే, తీసేముందు ఆ ఫోనులోనే టార్చి వేసి దించేస్తే సరిపోతుంది.

పాత సామాన్లవాళ్లకు ఇవ్వొద్దు, వాళ్లు బస్తాలో వేసి తొక్కుతారు, సుత్తితో కొడతారు, కాలేది వాళ్ల చేతులే. 2022 ఆగస్టులో కేంద్రం తెచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం అమ్మిన బ్యాటరీలు పాతబడ్డాక తిరిగి సేకరించి రీసైక్లింగ్‌కు పంపే బాధ్యత తయారీదారులది, దిగుమతిదారులది. అంతకుముందు 2001 నుంచి ఉన్న నియమాలు సీసం బ్యాటరీలకే ఉండేవి, ఇప్పుడు లిథియంవి కూడా చేరాయి. వాటిని మామూలు చెత్తలో కలపకుండా విడిగా ఇవ్వాల్సిన బాధ్యత మనదీ. బ్యాటరీ మీద చెత్తబుట్టకు అడ్డంగా గీతలు కొట్టిన బొమ్మ ఉంటుంది చూడండి, దాని అర్థం అదే. మీరు స్పేర్లు తెచ్చుకునే డీలరును అడగండి, కంపెనీ సర్వీసు సెంటర్లను అడగండి, హైదరాబాద్ పోయినప్పుడు అనుమతి ఉన్న ఈ-వేస్ట్ సేకరణ కేంద్రానికి చేర్చండి. హాలియా తమ్ముడి సెల్లూ, మడ్డీ కూడా ఇదే దారిలో పోవాలి. ఊళ్లో నాలుగు దుకాణాలవాళ్లు కలిసి ఒక డబ్బా పెట్టుకుంటే ఖర్చు కూడా కలిసొస్తుంది.

ప్రశ్న: ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీ బలహీనపడింది, కొత్తది వేయించాలి. తీసేముందు నేనే బల్బులు పెట్టి ఖాళీ చేయొచ్చా?
మిర్యాలగూడ

జవాబు: వద్దు. ఫోను బ్యాటరీలో ఉండేది 20 వాట్ అవర్లకు అటూ ఇటూ, స్కూటర్ ప్యాకులో రెండు మూడు యూనిట్ల కరెంటు ఉంటుంది, అంటే వంద ఫోన్లకు పైగా. వోల్టులు కూడా 48, 60 ఉంటాయి, తప్పుగా తాకితే మెరుపుతో చెయ్యి కాలుతుంది. మీ బండి నడుస్తోంది కాబట్టి ఛార్జింగ్ 20 శాతం దాకా వచ్చేలా ఊళ్లోనే తిరిగి, అలాగే డీలరు దగ్గరికి తీసుకెళ్లండి, విప్పడం వాళ్ల పని. ఈలోపు బండి వానలో మునిగినా, కిందపడి ప్యాకుకు సొట్ట పడినా, దానంతటదే వేడెక్కుతున్నా ఇంట్లో, మెట్ల కింద పెట్టకుండా ఆరుబయట గోడకు దూరంగా నిలిపి, ఛార్జింగ్ పెట్టకుండా డీలరుకే ఫోను చేసి వాళ్లనే వచ్చి తీసుకుపొమ్మనండి.